ఎనభై ఆరోవాడు

లాకరు మీద అంటించిన లమార్కస్ టీగ్ పేరును సామాన్ల గది మనిషి బ్లేడుతో గీకేస్తుంటే ఈజెల్ ప్రూయిట్ చూస్తూ నిలబడిపోయాడు. పై అంతస్తులో ఈలలు, చప్పట్లు. ఫిబ్రవరి మొదటి బుధవారం అది. హైస్కూలు కుర్రాళ్ళు తాము ఏ కాలేజీకి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడబోతున్నారో సంతకం పెట్టి పంపే రోజు. ఫ్యాక్స్ యంత్రం ఒక్కో కాగితం కక్కినప్పుడల్లా కాలేజీకి విరాళాలిచ్చే పెద్దమనుషులూ, పత్రికలవాళ్ళూ ఒకరి భుజాలు ఒకరు చరుచుకుని అరుస్తున్నారు. పైన అరుపు, కింద గీకుడు.

"వాడి పేరెందుకు తీసేస్తున్నావు?" అని అడిగాడు ఈజెల్.

"నన్నడక్కు నాయనా. గీకమన్నారు, గీకుతున్నా."

లమార్కస్, ఈజెల్ ఒకే గదిలో ఉంటారు. శరదృతువులో లమార్కస్ మోకాలు తిరగబడింది. కోత కోసిన డాక్టరు, ఎండాకాలం చివరికి మళ్ళీ పరుగెత్తుతావన్నాడు. ఆ మాట పట్టుకుని వాడు రోజూ మంచునీళ్ళ తొట్టిలో కాలు పెట్టి పళ్ళు బిగబట్టి కూర్చునేవాడు. ఇవాళ పొద్దున కోచ్ పిలిచి, ఇక జన్మలో ఆటకు పనికిరాడని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర డీకన్ విప్పి చెప్పాడు. డీకన్ అసలు పేరు ఒడారియస్. ప్రతి ఆటకు ముందూ మోకరిల్లి ప్రార్థన చేయించేవాడు కాబట్టి అందరూ డీకన్, అంటే చర్చి పెద్ద, అనే పిలుస్తారు. జట్టుకు నాయకుడు. ఇంకో ఏడాది ఆడితే డబ్బిచ్చే పెద్ద జట్లు వాణ్ణి తీసుకెళ్తాయని పేపర్లన్నీ రాస్తున్నాయి.

"ఎనభై ఐదు సీట్లురా తమ్ముడూ," అన్నాడు, మొక్కజొన్న రొట్టె విరుస్తూ. "చదువుకీ తిండికీ కాలేజీ డబ్బు పెట్టేది ఎనభై ఐదుగురికే. ఒక్కడు ఎక్కువైనా రూలు ఒప్పుకోదు. ఏడాదికి కొత్తవాళ్ళు ఇరవై ఐదుగురు మించకూడదు. ఈ ఏడాది చదువు అయిపోయి వెళ్ళేవాళ్ళెందరు? పదహారుమంది. మరి కోచ్ ఇవాళ ఎంతమంది చేత సంతకం పెట్టించాడు?"

"ఇరవై ఐదుగురు."

"మరి ఆ తొమ్మిదిమందీ ఎవడి నెత్తిన కూర్చుంటారు?"

డీకన్ వేళ్ళు మడుస్తూ తనే చెప్పుకుపోయాడు.

"ఆగస్టులోపు లెక్క సరిపోవాలి. ఒకడికి మార్కులు చాలలేదంటారు. ఒకడికి క్రమశిక్షణ లేదంటారు. ఒకడితో, నువ్వింకో కాలేజీ చూసుకో, ఇక్కడ నీకు ఆడే వంతు రాదంటారు. మన సీటు ఒక్క ఏడాదికేగా, మళ్ళీ ఇస్తేనే ఉన్నట్టు. దెబ్బ తగిలినవాడైతే మరీ సులువు. ఆటకి పనికిరాడని డాక్టరు రాస్తే వాడు ఎనభై ఐదులో లెక్కకి రాడు. చదువు ఖర్చు ఇస్తారు, జట్టు బట్టలు మాత్రం విప్పిస్తారు. బతికున్న దెయ్యం."

పెద్ద కాలేజీలు దేశంలోని ఆటగాళ్ళనందరినీ మూటకట్టి ఎత్తుకుపోకుండా ఆపడానికి పుట్టిన రూలు అది. కాలేజీ మెడకు కట్టిన తాడు. ఆ తాడును నేర్పుగా విప్పి, తెచ్చి కుర్రాళ్ళ మెడకు బిగించారు.

దెయ్యం అంటే ఏమిటో ఈజెల్ కళ్ళారా చూశాడు. లమార్కస్ కార్డు గీస్తే కసరత్తు గది తలుపు తెరుచుకోవడం మానేసింది. ఆటగాళ్ళ భోజనశాలలోకి రానివ్వలేదు. గదిలో కూర్చుని అట్టపెట్టెలోని అటుకులు పాలల్లో పోసుకు తినేవాడు. తోటివాళ్ళు దారిలో ఎదురైతే తల ఊపి పక్కకు తప్పుకునేవారు, వాడి దురదృష్టం అంటు రోగమైనట్టు. 'చదువు ఇస్తున్నారుగా, ఇంకా ఏడుపెందుకు' అన్నారు ఊళ్ళోవాళ్ళు. కొన్నాళ్ళకు వాడు మాట్లాడడం మానేశాడు. ఒకరోజు ఈజెల్ క్లాసునుంచి వచ్చేసరికి అవతలి మంచం మీద పరుపు మాత్రమే ఉంది.

ఈజెల్ ఒంటరివాడు. దక్షిణాన డెల్టాలో, చేపల చెరువుల మధ్య నల్లవాళ్ళ ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే వర్డెల్ పెద్దమ్మ పెంచింది. వాడికి నలుగురిలో మాట పెగలదు. వాడి పని ఆటలో అడ్డుగోడ. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్ళు పడదోయకుండా మరో నలుగురితో భుజం కలిపి నిలబడడం. ఆ అయిదుగురూ ఒక్క ఊపిరితో కదిలే క్షణం ఒకటుంటుంది. ఆ ఒక్క క్షణంలోనే వాడికి తాను ఒంటరినన్న సంగతి గుర్తుండదు. ఇంకా రెండేళ్ళు ఆడవచ్చు వాడు.

మార్చిలో కోచ్ బ్రాస్‌వెల్ పిలిచాడు. పక్కనే డాక్టర్ ప్యాజెట్ కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"రా నాయనా, కూర్చో. పెద్దమ్మ బాగుందా? ఆవిడ చేసిన చేపల వేపుడు ఇప్పటికీ నా నాలిక మీదే ఉంది."

ఈజెల్‌ను జట్టులోకి రమ్మని అడగడానికి వచ్చిన రోజున ఆయన వాళ్ళ వంటింట్లో కూర్చుని మూడుసార్లు వడ్డించుకు తిన్నాడు. ఈ పిల్లాణ్ణి నా కొడుకులా చూసుకుంటానని పెద్దమ్మ చేతులు పట్టుకున్నాడు.

"నీ నడుము గురించి డాక్టరు గారికి బెంగగా ఉంది," అన్నాడు కోచ్.

"నా నడుముకేమైంది?"

"జనవరి పరీక్షలో నువ్వే చెప్పావు, పొద్దున్నే పట్టేస్తోందని," అన్నాడు డాక్టరు తల ఎత్తకుండా.

ఈజెల్‌కు గుర్తొచ్చింది. నిజమే, చెప్పాడు. సెలవుల నుంచి వచ్చిన హుషారులో ఉన్నాడు. ఎక్కడైనా నొప్పి ఉందా అని డాక్టరు నవ్వుతూ అడిగితే, తనూ నవ్వుతూ అనేశాడు. ఈ ఆటలో పాలుతాగే పిల్లాడు కూడా చేయని తప్పు అది. కాలు విరిగినా కుంటకుండా నడవాలి. తల తిరుగుతున్నా డాక్టరు చూపే వేళ్ళు సరిగ్గా లెక్కపెట్టాలి. నొప్పి చెప్పినవాడి చోటు మర్నాటికి ఇంకొకడిది. అందుకే అక్కడ ఎవడి నొప్పి వాడిది, పక్కవాడికి కూడా తెలియనివ్వరు.

"పొద్దున పట్టేస్తుంది, పది గంటలకి వదిలేస్తుంది. మొన్న డిసెంబరు దాకా ప్రతి ఆటా ఆడాను కదా కోచ్!"

"నేను నీ మేలు కోరి చెబుతున్నా. ఇక్కడ సంతకం పెట్టు. చదువు నీది. పెట్టకపోతే... వచ్చే ఏడాది సీటు మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది నా చేతిలో ఉంది. ఆటా పోతుంది, చదువూ పోతుంది."

"నేను పెట్టను."

లేచి వచ్చేశాడు.

ఆ రోజు నుంచి వాడికీ దెయ్యం బతుకే. భోజనాల బల్ల దగ్గర వాడు కూర్చుంటే పక్కవాళ్ళు పళ్ళేలు ఎత్తుకుని వెళ్ళిపోయేవారు. ఎదిరించినవాడి పక్కన కనబడితే తమ పేరూ బ్లేడుకెక్కుతుందని భయం. ఆ రాక్షసుల్లాంటి ఒళ్ళున్న కుర్రాళ్ళు, పొట్ట పెంచుకున్న ఒక్క మనిషికి అంత భయపడ్డారు. ఎందుకు భయపడ్డారు? ఒక్కొక్కడుగా భయపడ్డారు కాబట్టి.

పెద్దమ్మకు ఫోన్ చేశాడు.

"ఆ కోచ్ తినేసి వెళ్ళినప్పుడే అనుకున్నా," అందావిడ. "అంత తియ్యగా మాట్లాడేవాడు ఊరికే తినడు. ఒరే, నా చేతులు చూశావుగా నువ్వు? చేపల ఫ్యాక్టరీలో కోసి కోసి మణికట్లు వాచిపోతే, రాత్రి ఉప్పునీళ్ళలో పెట్టుకుని పొద్దున మళ్ళీ పొడుగు చేతుల చొక్కా వేసుకుని పోయేవాళ్ళం. వాచిందని తెలిస్తే తీసేస్తారుగా! నా పక్కన నిలబడి కోసే ఎస్టెలాకి కూడా వాచాయని నాకు తెలీదు, నావి దానికి తెలీదు. ఒకరోజు అది చొక్కా చెయ్యి పైకి లాగింది. అప్పుడు నేనూ లాగాను. అటు చివరిదాకా అందరం లాగాం. కత్తులు కింద పెట్టేశాం. అదిరా సంగతి."

"ఇక్కడ ఎవరూ నాతో మాట్లాడట్లేదు పెద్దమ్మా."

"నువ్వు మాట్లాడావా వాళ్ళతో?"

మొదట వాడి పక్కకు వచ్చి కూర్చున్నది వైలీ హాచర్. కొండ ప్రాంతపు తెల్లవాడు. సీటు లేనివాడు, సొంత ఖర్చుతో చదువుతూ ఊరికే ఆడేవాడు. ఈజెల్ పోతే వాడి చోటు వైలీకే వస్తుంది.

"నా చోటు కొలతలు చూసుకోవడానికి వచ్చావా?" అన్నాడు ఈజెల్.

"చూశాలే, నాకు వదులవుతుంది," అన్నాడు వైలీ. "కోచ్ నన్ను పిలిచి ఆశ పెట్టాడు. రేపు నేను దెబ్బ తిని పడితే నా పేరు గీకడానికి బ్లేడు కూడా అక్కర్లేదు, నాకసలు పేరే లేదుగా. ఏదైనా చేస్తారా, ఊరికే మూతులు ముడుచుకుంటారా?"

సోమవారం సెలవు పెట్టే నల్లవాళ్ళ మంగలి షాపు ఒకటుంది, డీకన్ మేనమామది. ఈజెల్ ఒక్కొక్కరినీ కలిసి పిలిస్తే జట్టువాళ్ళు అక్కడ చేరారు. కుర్చీలు చాలక నేల మీద, కిటికీ గట్టు మీద సర్దుకున్నారు. వైలీ తలుపు తోసుకుని వచ్చేసరికి ఎవరో అరిచారు: "దారి తప్పావురోయ్! నీ గడ్డివాముకి ఇక్కడ కత్తెర లేదు!"

"గొర్రెల కత్తెరైనా పర్లేదు," అన్నాడు వైలీ. గది గొల్లుమంది. ఆ నవ్వుతో కొంచెం భయం పోయింది.

"రేపట్నుంచి మైదానంలోకి దిగొద్దు," అన్నాడు ఒకడు.

"దిగకపోతే కోచ్ క్రమశిక్షణ తప్పావంటాడు. వాడికి కావలసిందే అది. తొమ్మిది ఖాళీలు ఒక్క రోజులో దొరుకుతాయి," అన్నాడు డీకన్. "ఈజెల్ మీద నాకూ జాలి ఉంది. కానీ మా అమ్మ ఇద్దరి ఇళ్ళల్లో అంట్లు తోముతోంది. నాకింకా ఒక్క ఏడాది. నన్ను లాగకండిరా."

"నీ ఒక్క ఏడాదికి మా బతుకులు మెట్లా?" అన్నాడు కిటికీ గట్టు మీదివాడు.

"ఏంట్రా కూశావు?"

ఇద్దరూ లేచారు. అప్పుడు ఈజెల్ మాట్లాడాడు. పెద్దమ్మ చేతుల సంగతి చెప్పాడు. చొక్కా చేతులు పైకి లాగిన సంగతి చెప్పాడు.

"డాక్టరు గది గోడ మీద ఏం రాసుంది? 'ఏ దెబ్బ తగిలినా వెంటనే చెప్పండి' అని. అది వాళ్ళ రూలే. మనం చెప్పట్లేదు. నేను ఒక్కణ్ణే చెప్పాను కాబట్టి నేను పనికిరాని వాణ్ణయ్యాను. అందరం చెబితే? నా నడుముకి నన్ను తీసేస్తే, మీ మోకాళ్ళకి మిమ్మల్నీ తీసెయ్యాలి. ఎనభై ఐదుగురినీ తీసెయ్యమను. ఎవరితో ఆడిస్తాడో చూద్దాం."

తర్వాత నేల మీద కూర్చున్న కుర్రాడొకడు మెల్లగా చొక్కా పక్కకు లాగి భుజం చూపించాడు. ఎముక తోలును తోసుకుని పైకి లేచి ఉంది. "పోయిన ఏడాది నుంచి," అన్నాడు. పక్కవాడు బూటు విప్పాడు. డీకన్ మాత్రం టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వసంతకాలపు సాధన మొదలయ్యే రోజు పొద్దున, డాక్టరు గది తలుపు నుంచి వసారా చివరి మలుపు దాకా ఆటగాళ్ళు వరుసలో నిలబడ్డారు. సీటున్నవాళ్ళూ, లేనివాళ్ళూ. అందరికంటే ముందు ఈజెల్. డాక్టర్ ప్యాజెట్ తలుపు తెరిచి, చూసి, మళ్ళీ మూసుకున్నాడు. కాసేపటికి కోచ్ వచ్చాడు.

"ఏంటీ జాతర? పదండి మైదానంలోకి!"

"నొప్పులున్నాయి కోచ్. డాక్టరుకు చెప్పుకుందామని," అన్నాడు వైలీ.

"నువ్వెవడివిరా అసలు?"

"అదే నేనూ అనుకుంటుంటాను కోచ్."

ఎవరో కిసుక్కుమన్నారు. కోచ్ మెడ ఎర్రబడింది. ఈజెల్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఇదంతా నీ పని. జట్టును చెడగొట్టినందుకు నీ సీటు ఇప్పుడే, ఇక్కడే రద్దు. ఈ భవనంలో మళ్ళీ కాలు పెట్టకు." కోచ్ వెనక్కి తిరిగి కేకేశాడు. కాలేజీ పోలీసు వచ్చాడు. నెరిసిన జుట్టు నల్లాయన. ఈజెల్ మోచెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా కాదు.

"పద బిడ్డా."

ఆ వసారా పొడవునా నడుస్తుంటే ఈజెల్ ఒక్కొక్కడి మొహం చూశాడు. కొందరు కళ్ళు దించుకున్నారు. వరుస వెనక నుంచి ఇద్దరు జారుకుని మైదానం వైపు పోవడం కూడా చూశాడు. లమార్కస్ కూడా ఇదే దారిన ఇలాగే నడిచి ఉంటాడనిపించింది. వాడు పోతున్నప్పుడు నేను కనీసం ఎదురుగా కూడా లేనే అనుకున్నాడు.

పోలీసాయన బయటి తలుపు తోశాడు. ఎండ. దూరంగా ఎవరో ఈల వేస్తున్నారు. ఈజెల్ మెట్టు దిగాడు.

అప్పుడు లోపలినుంచి ఒక గొంతు వినిపించింది. ప్రార్థన చేయించే గొంతు. డీకన్ ఎప్పుడు వచ్చాడో, ఏ తలుపులోంచి వచ్చాడో ఈజెల్ చూడనే లేదు.

"డాక్టరు గారూ, తలుపు తియ్యండి. నా పేరు ఒడారియస్ లైల్స్. రెండేళ్ళుగా నా మెడలో నరం నలిగి ఉంది. ఎడం చేతి మూడు వేళ్ళకి స్పర్శ లేదు. బంతి తగిలితే కంటితో చూసి తెలుసుకుంటున్నాను. రాసుకోండి."

"నోరు ముయ్యి ఒడారియస్!" కోచ్ గొంతు కీచుమంది. "ఏమంటున్నావో తెలుస్తోందా? పెద్ద జట్లవాళ్ళు వింటే నిన్నింక ముట్టుకుంటారా?"

"గట్టిగా చెప్పమంటారా కోచ్, వాళ్ళకి వినపడేట్టు?"

తలుపు దానంతటదే మూసుకోబోయింది. పోలీసాయన అటూ ఇటూ చూసి, బూటుకాలు అడ్డం పెట్టాడు.

"నా మోకాలు," అన్నారు లోపల ఎవరో.

"నా భుజం. రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేను."

"నాకు మనుషుల పేర్లు గుర్తుండట్లేదు సార్. మా చెల్లెలి పేరు కూడా ఒక్కోసారి."

ఈజెల్ మెట్టు మీద ఎండలో ఒక్కడే నిలబడ్డాడు. లోపలికి వెళ్ళడానికి లేదు. ఎవడి గొంతు ఎవడిదో పోల్చుకుంటూ, ఒక్కొక్కడి నొప్పినీ మొట్టమొదటిసారి వింటూ, అక్కణ్ణుంచి కదలలేదు. వరుస ఇంకా మలుపు దాకా ఉంది.