నాలుగు గంటల బస్సు

సరిగ్గా నాలుగు కొట్టేసరికి ఆ ఇంట్లో రెండు మొదలయ్యేవి. పత్తి మార్కెట్ యార్డు నుంచి మామ ఇంద్రసేనయ్య టీకి వచ్చేవాడు, లోపలి గదిలో పాప ఏడుపు అందుకునేది. హర్షిణి పాపను ఎడమ భుజం మీద వేసుకుని, కుడిచేత్తో స్టవ్ వెలిగించి, పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి, ఒళ్ళంతా ఊపుతూ నిలబడేది. టీ గ్లాసు అందుకుంటూ ఆయన రోజూ ఒకే మాట అనేవాడు.

"మన ఇంట్లో ఇట్ల ఏడ్చే బిడ్డ ఇంతవరకూ పుట్టలేదు."

అత్త కృష్ణకుమారి పూజగదిలో నుంచే జవాబు చెప్పేది. "పాలల్లో సత్తువ లేకపోతే ఏడవక ఏం చేస్తాది?"

పాలల్లో సత్తువ ఉంది. నెలన్నర టీకాకు పోయినప్పుడు డాక్టరమ్మ పాపను తూచి, బరువు బాగా పెరిగిందని మెచ్చుకుంది. కొందరు పిల్లలు సాయంత్రాలు ఇట్లాగే ఏడుస్తారమ్మా, కారణం ఉండదు, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది అని చెప్పింది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే భర్త శశికాంత్ నవ్వినాడు. "కారణం లేకుండా ఎవురన్నా ఏడుస్తారా?" ఏడుస్తారు, కారణం ఉండి కూడా ఏడవనివాళ్ళూ ఉంటారు అనుకుంది హర్షిణి. ఆ రోజుల్లో ఆమె పైకి అనే మాటలు చాలా తగ్గిపోయాయి.

అమ్మ పోయి రెండేళ్ళయింది కాబట్టి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇల్లు. ముందు అంగడి, వెనక గోదాము, మధ్యలో వంటిల్లు ఎప్పుడూ ఆరని పొయ్యితో ఉండేది. బాలింతకు పథ్యమని వెల్లుల్లి కారం, వేడన్నం, రోజుకు రెండు చెంబుల నీళ్ళు. అంతకు మించి తాగితే బిడ్డకు జలుబు చేస్తుందట. పాప రొమ్ము పట్టగానే హర్షిణికి గొంతు ఎండుకుపోయేది. కాలేజీలో ఏడేళ్ళు కెమిస్ట్రీ చెప్పిన మనిషి, నీళ్ళ కోసం స్నానాల గదిలోకి పోయి కొళాయి కింద దోసిలి పట్టేది. అట్లా దొంగతనంగా తాగుతున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది, అయినా తాగేది. శశికాంత్ మొదటి వారంలోనే పరుపు మేడ మీదికి మార్చుకున్నాడు. "సీజను ఇది. నిద్ర లేకుంటే యార్డులో ఎట్ల నిలబడేది? నీకైతే పగలంతా ఇంట్లోనే కదా ఉండేది." ఆ పగలెట్లా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. పాప నిద్రపోయే ఇరవై నిమిషాల్లో గుడ్డలు ఉతకాలో, స్నానం చేయాలో, పడుకోవాలో తేల్చుకునేలోపే మళ్ళీ లేచేది.

ఆ రోజు పాపకు వేసే చుక్కల మందు అయిపోయింది. పొద్దున్నే శశికాంత్‌కు చెబితే తలూపి మరిచిపోయాడు. నాలుగింటికి టీ ఇచ్చి, ఏడుస్తున్న పాపను చున్నీలో చుట్టుకుని హర్షిణి తనే మందుల షాపుకు బయలుదేరింది. కృష్ణకుమారి వెనకనుంచి ఏదో అంటూనే ఉంది. మందు కొనడం అయిపోయింది గానీ ఏడుపు ఆగలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళందరూ తిరిగి చూశారు. "ఆకలేమో సూడమ్మా" అన్నారు ఒకరు. "దిష్టి తగిలింది" అన్నారు ఇంకొకరు. ఇంటివైపు తిరగాల్సిన మలుపులో కాళ్ళు తిరగలేదు. నడుస్తూ నడుస్తూ బస్టాండు చేరింది. ఒక పల్లెవెలుగు బస్సు ఇంజను ఆన్‌లో పెట్టుకుని గడగడా వణుకుతూ నిలబడి ఉంటే, కాసేపు కూర్చుందామని ఎక్కి కిటికీ పక్కన కూలబడింది.

పాప ఏడుపు ఆపేసింది.

ముందు హర్షిణికి భయమేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పాప కళ్ళు తెరిచే ఉంది, వణుకుతున్న కిటికీ అద్దంకేసి తదేకంగా చూస్తోంది. బస్సు కదిలి ఊరు దాటేలోపు ఆ కళ్ళు మూతపడ్డాయి.

ఖాకీ కోటు వేసుకున్న కండక్టరమ్మ శాంతమ్మ వచ్చి నిలబడింది. "యాడికమ్మా?"

"ఈ బస్సు యాడికి పోతాది?"

శాంతమ్మ ఆమెను, ఒళ్ళో పాపను, కాళ్ళకున్న హవాయి చెప్పులను చూసింది. "ఎమ్మిగనూరుకు."

"అయితే ఎమ్మిగనూరే."

"ఆధార్ చూపించు. ఆడోళ్ళకు టికెట్టు లేదు కదా ఇప్పుడు."

ఫోనులో ఆధార్ ఫోటో చూపించింది. దారిలో పత్తి ఏరి ఇళ్ళకు పోయే ఆడవాళ్ళు గుంపుగా ఎక్కారు. పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. తలగుడ్డ నిండా పత్తి పోగులు. పేరు హులిగమ్మ, గోనెగండ్ల దగ్గరి పల్లె. కొంగుకు కట్టుకున్న సీసా విప్పి నీళ్ళు తాగి, హర్షిణి తన గొంతువైపే చూస్తుండడం గమనించి సీసా అందించింది.

"బాలింతను అవ్వా. తాగకూడదంట."

"ఎవురు సెప్పినారు? నీకాడ లేంది బిడ్డకు యాడనుంచి వస్తాది? తాగు."

హర్షిణి సీసా ఎత్తి అడుగు దాకా తాగేసింది. ఆపుదామనుకున్నా ఆపలేకపోయింది. తాగాక సిగ్గుపడి సారీ అంది. హులిగమ్మ ఖాళీ సీసాను చూసి నవ్వి, "బిడ్డను ఇట్ల ఇయ్యి. కండ్లు మూసుకో. ఎమ్మిగనూరు వస్తే నేనే లేపుతా" అంది. ముక్కూమొహం తెలియని మనిషికి పిల్లను ఇవ్వొచ్చా అనే ఆలోచన వచ్చేలోపే హర్షిణికి నిద్ర పట్టేసింది. పాప పుట్టిన ఈ డెబ్బై రెండు రోజుల్లో అంత నిద్ర ఎప్పుడూ పోలేదు.

ఎమ్మిగనూరు బస్టాండులో పాపకు పాలిచ్చి, టీ తాగి, తిరుగు బస్సులో ఇల్లు చేరేసరికి ఏడు కావస్తోంది. ఇంటిల్లిపాదీ వాకిట్లో ఉన్నారు.

"ఫోనన్నా ఎత్తొద్దా?" అన్నాడు శశికాంత్.

"నిద్రపోయినాను" అంది హర్షిణి. అది నిజం. అందుకే ఎవరూ నమ్మలేదు.

మరుసటి రోజు నాలుగింటికి టీ ఇచ్చి మళ్ళీ పోయింది. ఆ మరుసటి రోజు కూడా. రెండు సీసాల నీళ్ళు, రెండు గుడ్డలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకునేది. శాంతమ్మ కిటికీ పక్క సీటు ఆపి ఉంచేది. హులిగమ్మ పాపను అందుకుని మోకాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. తన పిల్లలను చేను గట్టున చీర ఉయ్యాలలో వేసి ఏరుకుంటూ పోయేదాన్నని, ఏడుపు వినపడినా సాలు పూర్తయ్యేదాకా కూలీల మేస్త్రీ పోనిచ్చేవాడు కాదని చెప్పింది. "ఆ ఏడుపు ఇప్పటికీ సెవులో ఉంది తల్లీ. మా పెద్దోడికి ముప్పై ఏండ్లు." అది విన్నాక తన కష్టం చిన్నదని హర్షిణికి అనిపించలేదు. ఇద్దరి కష్టమూ ఎవరి లెక్కలోనూ లేనిదేనని మాత్రం అనిపించింది.

నిద్ర దొరికాక బుర్ర తేలికపడింది. అయిదో రోజు బస్సులో నుంచే ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, సంక్రాంతి సెలవులు అయిపోగానే కాలేజీకి వస్తానని చెప్పింది. గొంతు వణకలేదు. ఆ సంగతి ఆమెనే ఆశ్చర్యపరిచింది.

వారం తిరగకముందే గుమాస్తా వీరన్న ఆమెను బస్సులో చూసి ఇంద్రసేనయ్యకు చెప్పాడు. ఆ సాయంత్రం నడవలో పంచాయితీ పెట్టారు.

"అంగడోళ్ళ కోడలు కూలోళ్ళతో కలిసి బస్సుల్లో తిరుగుతాందంటే నేను యార్డులో తలెట్ల ఎత్తుకునేది?" అన్నాడు ఇంద్రసేనయ్య.

"పాప ఆ బస్సులోనే పడుకుంటాది మామా."

"కారుంది కదా ఇంట్లో" అన్నాడు శశికాంత్.

"నాలుగింటికి కారు యాడుంటాది?"

యార్డులో ఉంటుంది. అది అందరికీ తెలుసు. శశికాంత్ గొంతు పెంచాడు. "ఇట్ల మొండిగా చేస్తే రేపే కాలేజీకి ఫోన్ చేసి చెప్తా, నువ్వు ఇంక రావని."

"నేను చేసేసినాను. వస్తానని చెప్పినాను."

ఇంద్రసేనయ్య లేచి వెళ్ళిపోయాడు. శశికాంత్ మేడెక్కాడు. హర్షిణి వంటింట్లోకి పోయి గోడకానుకుని నిలబడింది. కృష్ణకుమారి జొన్నపిండి తడుపుతూ, తల ఎత్తకుండానే, "శశి కూడా ఇట్లే ఏడ్చేవాడు" అంది.

హర్షిణికి తను సరిగ్గా విన్నానో లేదో తెలియలేదు. "మన ఇంట్లో ఇట్ల ఏడ్చే బిడ్డ పుట్టలేదని మామ..."

"ఆయనకేం తెలుసు? ఆయన చెవిన పడనిస్తే కదా. వెనక గోదాములోకి ఎత్తుకుని పోయేదాన్ని. పత్తి మూటల నడుమ కూర్చుంటే సప్పుడు బయటికి రాదు. బిడ్డదీ రాదు, మనదీ రాదు." పిండిని గట్టిగా ఒత్తింది. "రొట్టెల టైము అయ్యేదాకా ఆడనే కూర్చునేదాన్ని."

హర్షిణి ఏదో అడగబోయింది. అత్త పెనం పొయ్యి మీద పెట్టి, "పో, బిడ్డ లేస్తాది" అంది.

మరుసటి రోజు ఆదివారం. యార్డుకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక శశికాంత్ గదిలోకి వచ్చి, మేడ మీద రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పాడు. "చూడు, ఈ పొద్దు నేను ఇంట్లోనే ఉంటా. పాపను నేను చూసుకుంటా. నువ్వు యాడికీ పోవద్దు."

ఆ మూడు మాటల్లో నడిమి మాటను హర్షిణి పట్టుకుంది. సరే అంది. మూడున్నరకు పాపకు కడుపునిండా పాలు పట్టింది. ఇంకొన్ని పాలు పిండి సీసాలో పోసి ఉంచింది. గుడ్డలు మార్చి, తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుంది. నాలుగు కొట్టింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. హర్షిణి ఆ రోజు టీ పెట్టలేదు. నేరుగా నడవలోకి పోయి, ఫోను చూసుకుంటున్న శశికాంత్ చేతుల్లో పాపను పెట్టింది.

"మెడ కింద చెయ్యి పెట్టండి. ఇట్ల."

"ఎక్కడికి నువ్వు? నేనన్నది..."

"చూసుకుంటానన్నారు కదా. ఏడింటికి వస్తాను."

పాప ఎర్రబడిపోయి గుక్కపట్టింది. శశికాంత్ బిత్తరపోయి తల్లివైపు చూశాడు. కృష్ణకుమారి అలవాటు కొద్దీ చేతులు చాపి రెండడుగులు ముందుకు వచ్చింది. హర్షిణి దారికి అడ్డంగా నిలబడింది.

"వద్దు అత్తా. ఆయన బిడ్డ. ఆయన చూసుకుంటానన్నాడు."

కృష్ణకుమారి కోడలి ముఖంలోకి ఒక క్షణం చూసింది. చాపిన చేతులు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. తరువాత చాప మీద కూర్చుని, గోడకు ఆనుకుని, కాళ్ళు బారచాపుకుంది. "టీ యాడే?" అన్నాడు ఇంద్రసేనయ్య. ఎవరూ లేవలేదు.

బస్సులో శాంతమ్మ ఖాళీ ఒడిని చూసి కంగారుపడింది. "పాప యాడమ్మా?"

"వాళ్ళ నాయన దగ్గరుంది అక్కా."

"ఏడుస్తాందేమో?"

"ఏడుస్తానే ఉంటాది." చెప్పి, ఆ మాటకు తన రొమ్ముల్లో పాలు చిమ్ముకొచ్చి జాకెట్టు తడవడం తెలిసి, కొంగు కప్పుకుంది. దిగిపోదామా అనిపించింది. ఒక స్టేజీ దాకా అనిపిస్తూనే ఉంది. బిడ్డ మీద ప్రేమ ఎంత నిజమో, ఆ బిడ్డను కన్నవాళ్ళు ఇద్దరన్నదీ అంతే నిజం. రెండోదాన్ని ఎవరో ఒకరు చెప్పాలి కదా అనుకుని, సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అయిదింటికి ఫోన్ మోగింది. అవతల నుంచి ముందు ఏడుపు వినపడింది, తరువాత శశికాంత్ గొంతు. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది, భయం ఉంది.

"పాలు పట్టినా. ఎత్తుకుని తిరిగినా. మందు వేసినా. ఏం చేసినా ఊరుకోలేదు. ఏం చేయాలో నాకు తెలీడం లేదు హర్షిణీ."

హర్షిణి ఫోను చెవికి ఇంకాస్త ఆనించుకుంది.

"నాకూ తెలీదండీ" అంది. "తెలీకుండానే డెబ్బై ఎనిమిది దినాల నుంచి చేస్తాండాను."