గోడకెక్కిన బెషే

మాదాపూర్ పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే లింగమూర్తిని గురువెవరని అడిగితే ఇద్దరి పేర్లు చెబుతాడు. ఒకరు సికింద్రాబాద్ క్లబ్బుల్లో వాయించిన డేవిడ్ మాస్టారు. రెండోవారు సముద్రాలవతల ఎప్పుడో కన్నుమూసిన జాజ్ క్లారినెట్ విద్వాంసుడు సిడ్నీ బెషే. మాస్టారు పోతూ పోతూ చేతిలో పెట్టిన ఇరవై రెండు జాజ్ రికార్డుల్లోనే లింగమూర్తికి బెషే దొరికాడు. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. ముందు ట్రంపెట్ తన గొప్పలన్నీ చెప్పుకున్నాక గానీ క్లారినెట్ నోరు విప్పదు. ఆ తర్వాతి భాగం వినే లింగమూర్తి విద్య నేర్చాడు.

గ్రామఫోను మూలపడి నాలుగేళ్లయింది. బాగుచేసేవాడు దొరకలేదు. కొత్తగా లేచిన హైటెక్ సిటీలో కంపెనీ పెట్టిన నితీష్, తన పెళ్లి ఊరేగింపులో లింగమూర్తి వాయించినప్పుడు పరిచయమైనవాడు, "కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేసిస్తానండి, ఇక అరగడమంటూ ఉండదు" అన్నాడు. మళ్లీ బెషేని వినొచ్చన్న ఆశతో లింగమూర్తి రికార్డులను పాత ధోవతిలో చుట్టి, పసిబిడ్డను అందించినట్టు అందించాడు.

నెల తర్వాత ఆఫీసుకు వెళ్తే రికార్డులు ఎదురుగా గోడమీదే ఉన్నాయి. కంపెనీ పేరు అక్షరాల్లా పేర్చి, ఒక్కోదానికి మూడేసి స్క్రూలు దిగ్గొట్టారు. లింగమూర్తి ఒక స్క్రూ మీద వేలు పెట్టి నితీష్ వైపు తిరిగాడు.

"నడిమిట్ల తొర్ర ఉండనే ఉండె గద సారూ! గిట్ల పాట మీదనే ఎందుకు పొడిసిన్రు?"

"ఒక్క స్క్రూ అయితే తిరిగిపోతున్నాయండి, లేబుళ్లు వంకరగా కనబడుతున్నాయి. డ్రిల్లు పెడితే రెండు పగిలిపోయాయి కూడా!"

చేసిన ఘనకార్యం చెప్పుకునేటప్పుడు కొందరి మొహం ఎంత వెలుగుతుందో! లింగమూర్తి పళ్లు కొరుక్కున్నాడు. పాటలైనా మిగిలాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకుని సీడీ అడిగాడు.

"అంతకన్నా మంచి పని చేశామండి" అంటూ నితీష్ ఫోను స్పీకరు నొక్కాడు. కంపెనీకి ఫోను చేసినవాళ్లను కాసేపు ఆగమన్నప్పుడు వినిపించే పాటట. ట్రంపెట్ మొదలైంది. లింగమూర్తి వేళ్లు వాటంతటవే కదిలాయి. ట్రంపెట్ ముగిసింది, బెషే ఊపిరి తీసుకున్నాడు. పాట టప్పున తెగి, మళ్లీ ట్రంపెట్టే మొదలైంది.

"మిగిలింది ఏది సారూ?"

"అన్నిట్లోనూ మొదటి ముప్ఫై సెకన్లే తీసుకున్నామండి. అంతకుమించి లైనులో ఎవరుంటారు?"

లింగమూర్తి గోడకేసి చూశాడు. ఇప్పుడు ఊడదీసినా ఏ సూదీ ఆ తూట్లు దాటి నడవదు. తన గురువు గొంతు నొక్కి, వీడు దాన్ని పనిలేనివాళ్ల కాలక్షేపానికి పెట్టాడు. రోత పుట్టింది. ఆ చల్లగాలి, ఆ నవ్వు, ముందు పెట్టిన కాఫీ, అన్నీ రోతగానే ఉన్నాయి.

"శనివారం మా పార్టీకి మీరే వచ్చి ఇవి వాయించాలండి" అన్నాడు నితీష్.

"ఎంతసేపు వాయించాలె? ముప్ఫై సెకన్లా?"

వెటకారం వాడికి తగల్లేదు. "మీ ఇష్టమండి. ఇంకా తక్కువైనా ఫర్వాలేదు."

జన్మలో ఒకరి గుమ్మంలో ఉమ్మి ఎరగని లింగమూర్తి, బయటికొచ్చి ఆ నున్నటి మెట్లమీద తుపుక్కున ఉమ్మేసి వెళ్లిపోయాడు.