ఎత్తు ఎక్కని బండి

మల్లేశు చివరి ఐసుపెట్టెను చిన్న ట్రక్కుబండి వెనకభాగంలోకి తోసి, గొళ్ళెం పడిందో లేదో అరచేత్తో ఒకసారి కొట్టి చూశాడు. జంగ్లీఘాట్ జెట్టీ అప్పటికే సగం ఖాళీ అయింది. నలభై దాటిన పొట్టి మనిషి అతను. చిన్నప్పటినుంచీ బుట్టలు మోసిన కుడిభుజం ఎడమదానికన్నా కాస్త దిగి ఉంటుంది. ముందు సీట్లో అతని అక్క అప్పలకొండ ఎప్పుడో ఎక్కి కూర్చుంది. కాళ్ళు కిందకి అందక పసిపిల్లలా ఆడిస్తోంది.

"ఎక్కరా. ఐసు కరిగిపోతంది" అంది.

తల్లీతండ్రీ పోయాక భావనపాడు నుంచి తమ్ముణ్ణి చంకనేసుకుని, ఓడెక్కి ఈ దీవికి వచ్చిన మనిషి. ఇక్కడే పెళ్ళి చేసుకుంది. సముద్రంలోకి చేపలవేటకెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. కూతుర్ని ఆ సొంతూరికే కోడలిగా పంపింది. నెత్తిన చేపలబుట్టతో బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కీ దిగీ మోకాళ్ళు అరగదీసుకుంది. ఇక చాలు, వచ్చెయ్యమని కూతురు పోరుతూనే ఉంది. ఇవాళ సాయంత్రం కదిలే వైజాగ్ ఓడకి ఆవిడ టికెట్టు తీసుకుని ఉంది.

మల్లేశు బండి కొన్నదే ఆ ప్రయాణం ఆపడానికి. బుట్ట మొయ్యక్కర్లేదు, ముందు సీట్లో దొరసానిలా కూర్చుని చేపలమ్ముకోవచ్చు, ఇంక పోవడమెందుకని అతని ఆశ. ఆవిడా మెత్తబడింది. బండి వచ్చిన రోజు అన్నం తింటూ, "లోడుతో సాదీపూర్ ఎత్తెక్కిందనుకో, టికెట్టు సింపేత్తాన్రా" అని నవ్వింది. అప్పలకొండ నవ్వుతూ అన్నా ఉత్తినే అనదు. ఆ మాట పట్టుకునే మల్లేశు రోజులు నెట్టుకొస్తున్నాడు.

బండి మాత్రం ఎక్కడం లేదు. ఓడ దిగిన రోజు జామ్మని ఉరికింది. మర్నాటినుంచి ఏ మాయరోగం పట్టుకుందో మరి! నిలబెట్టి ఉంచితే బంగారంలాంటి ఇంజను. చదునునేల మీదా పేచీ పెట్టదు. ఎత్తు కనపడి యాక్సిలరేటర్ తొక్కాడా, అరుపే తప్ప ఊపు లేదు, వెనక నల్లటి పొగ. షోరూము మెకానిక్ ఖాళీ బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చి, "నయా గాడీ హై భయ్యా, థోడా చల్నే దో" అన్నాడు. కొత్తబండి కదా, కొన్నాళ్ళు తిరిగితే అదే దారికొస్తుందట. కొన్నాళ్ళు మల్లేశు దగ్గర ఎక్కడున్నాయి?

గోల్ ఘర్‌లో కొన్ని చేపలు దించి, మిగతా పెట్టెలతో షాదీపూర్ ఎత్తు మొదట్లోకి వచ్చారు. మల్లేశు గేరు తగ్గించాడు. పెదవి కొరుక్కుంటూ యాక్సిలరేటర్ మీద పాదమంతా మోపాడు. బండి కొంత దూరం మూలుగుతూ పోయింది. సగం ఎత్తులో ముక్కి, నిలిచిపోయింది. వెనక బస్సు హారన్ మోగించింది. మల్లేశుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అప్పలకొండ దిగిపోతోంది.

"అప్పా, ఎక్కడికే?"

"బరువు తగ్గితే ఎక్కుద్దేమో. నువ్వు పోనీ."

బరువు తగ్గించడానికి దిగింది! ఆ మనిషికి బరువెక్కడుంది? కానీ బండి నిజంగానే కదిలింది, పాక్కుంటూ ఆవిడను దాటి పోయింది. పక్క అద్దంలో కనిపించింది మల్లేశుకు: ఒక చేయి గోడకీ ఒక చేయి మోకాలికీ ఆనించి, అడుగు తీసి అడుగు వేస్తూ వస్తోంది. ఎవరిని మోయడానికి ఈ బండి కొన్నాడో ఆవిడే దీనికోసం నడుస్తోంది. అతనికి ఏడుపొచ్చింది.

పైకి చేరి, రొప్పు తగ్గేదాకా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది.

"సేపల్నే లాగలేకపోతంది. నన్ను కూడా ఏటి లాగుద్దిరా పాపం" అంది.

"కొత్తది గదప్పా. సర్దుకుంటది."

"సర్దుకోనీ. నానెల్తాను."

 ఓడలు ఆలస్యమవడం ఈ దీవుల్లో మామూలే గనక మధ్యాహ్నమంతా మల్లేశు ఆ కబురు కోసం చెవులు రిక్కించాడు. ఓడ ఇవాళే వేళకి వచ్చి నిలబడింది. హాడ్డో రేవు గేటు దగ్గర అప్పలకొండ అతని చొక్కా గుండీ సరిచేసింది. "బండి రోజూ కడగరా. ఉప్పుగాలి ఇనుముని తినేత్తాది" అని చెప్పింది. ఓడ మెట్ల తాడు పట్టుకుని మెల్లగా ఎక్కింది. వెనక్కి తిరిగితే ఆగిపోతానని కాబోలు, తిరగలేదు.

చెప్పింది కదా అని ఇంటికి రాగానే బండి కడిగాడు. ముందు జాలీ సందుల్లో ఉప్పు తుడుద్దామని బానెట్ ఎత్తాడు. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం నోట్లో ఏదో నీలంగా కనపడింది. వేలు పెట్టి లాగాడు. గుడ్డ. లాగినకొద్దీ వచ్చింది.

ఒడ్డుకు చేర్చిన పడవ ఇంజనుకు గాలినోట్లో పాతచీర ముక్క కుక్కడం వాళ్ళ వాడలో ఆడవాళ్ళ పని. తేమా ఉప్పూ లోపలికి పోకుండా అది కాపు. వేటకి పోయే ముందు దాన్ని తియ్యడం మగవాడి పని. కొత్తబండి ఇంటికొచ్చిన రాత్రి అప్పలకొండ తన పని తను చేసింది. పొద్దున్నే తమ్ముడు తీస్తాడులే అనుకుంది. పడవల మధ్య పెరిగినవాడు తియ్యకుండా ఉంటాడా? మల్లేశుకు మాత్రం, బండికీ ఆ కాపు పెడుతుందన్న ఊహే లేకపోయింది.

అతను బండి తీశాడు. షాదీపూర్ ఎత్తు మొదట్లో మెల్లగా, భయంభయంగా తొక్కాడు. బండి ఒక్క ఊపున దూకి, అరుపూ పొగా లేకుండా పైకి వెళ్ళిపోయింది. లోడు లేదు కదా, అందుకే ఎక్కిందని సర్దిచెప్పుకోబోయాడు. మనసు ఒప్పుకోలేదు. ఎత్తు మీద ఆపి చూస్తే మునిమాపు సముద్రంలో ఓడ దీపాలు అప్పటికే చిన్నవైపోయాయి. "ఎక్కిందే అప్పా" అన్నాడు పైకే.

పక్క సీట్లో ఆ నీలంగళ్ళ చీరముక్క, అప్పలకొండ పిడికిట్లో ఉండచుట్టిన మడతలు ఇంకా విడవకుండా అలాగే ఉంది.