మీసాల జెల్ల చీర

నర్సుగా రిటైరయ్యాక శౌరమ్మ లినో ప్రింటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. అదే వీధిలో ఉండే ఏంజెల్ అనే అమ్మాయి ఆదివారాలు మేడమీద క్లాసు చెబుతుంది. రబ్బరులాంటి లినో షీటు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, గుడ్డమీద అద్దాలి.

"చలి ఊళ్లలో షీటుని వేడిచేసి మెత్తబరుస్తారాంటీ. మనకి బెజవాడ ఎండ చాలు," అంది ఏంజెల్.

శౌరమ్మ భర్త జక్కయ్యకి ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపు. "ఈ వయసులో నీకు బొమ్మలేంటే!" అని ఎగతాళి చేసి, అన్నం తిని, కుర్చీలోనే నోరు తెరిచి నిద్రపోయాడు. శౌరమ్మ తేరిపార చూసింది. కిందికి వేలాడే సన్నటి మీసాలు, ఎడమ బుగ్గన పుట్టుమచ్చ. మీసాల జెల్ల చేపే! చప్పుడు చేయకుండా పెన్సిల్ అందుకుంది.

ఆ మొహంతోనే జెల్లని చెక్కి అచ్చు వేసి చూస్తే ఏంజెల్‌కి నవ్వాగలేదు. "అంకుల్‌గారేగా! కానీ అచ్చులో బొమ్మ తిరగబడిందాంటీ, మచ్చ అటువైపుకెళ్లింది."

"మంచిదేలే. ఆయన అడిగితే, 'ఇది మీరు కాదు' అని బుకాయించొచ్చు."

నీలిరంగులో చీర అంచు పొడవునా జెల్లలు అద్ది, చర్చి పండక్కి కట్టుకెళ్లింది. పక్కింటి అమలమ్మ చీరనీ జక్కయ్యనీ మార్చి మార్చి చూసి, పమిట నోట్లో కుక్కుకుంది.

"ఎందుకే ఆవిడ నవ్వుద్ది?" అన్నాడు జక్కయ్య.

"పండగ కదండీ."

మర్నాడు పొద్దున జక్కయ్య గడ్డం గీసుకుంటూ, సగం నురగతోనే పెరట్లోకి వచ్చాడు. తీగమీద చీర ఆరుతోంది. దగ్గరికెళ్లి వంగి చూశాడు.

"శౌరీ! ఇది నేనే!"

"మీ మచ్చ ఎడమవైపు కదండీ?"

"అద్దంలో నేను ఇట్టాగే ఉంటానే! రోజూ చూసుకునే మొహం నాకు తెలీదా?"

శౌరమ్మ ఇంక ఆపుకోలేక నవ్వేసింది. జక్కయ్య టిఫిన్ తినకుండానే షాపుకెళ్లిపోయాడు. అలిగాడేమోనని ఆమెకి వారమంతా బెంగగానే ఉంది.

ఆదివారం క్లాసుకి వెళ్లేసరికి జక్కయ్య అక్కడ కొత్త లినో షీటు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అంకుల్, మీరేం చెక్కుతారు?" అంది ఏంజెల్.

"ముందు మీ ఆంటీని కదలకుండా కూర్చోమనమ్మా. ఏ జంతువో తర్వాత చూద్దాం," అన్నాడాయన పెన్సిల్ చెక్కుకుంటూ.