సూదుల కుక్కరు

పొయ్యి మీద రెండు కుక్కర్లు. ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో ముక్కూ చెవీ కుట్టే దుకాణం పట్టుకార్లు. ఏది ఎన్ని కూతలకు దించాలో ఆ నాంపల్లి ఇంట్లో నళినికి తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. పట్టుకార్లు శుద్ధి చేసే పెద్ద మిషను దుకాణంలో ఒకటుంది. చెడిపోయి ఏళ్లయింది. దసరాకి దానికి బంతిపూల దండ మాత్రం వేస్తాడు మొగుడు విజయేందర్. బాగుచేయించమంటే "నీకు కుక్కరుంది గదా" అంటాడు. అత్తమ్మ బతికున్నన్నాళ్లూ ఇంకో పాట: "గా నెత్తుటి సామాను నా వంటింట్లనా? థూ!" ఆ దుకాణం డబ్బుతో కొన్న ఫ్రిజ్జులో నీళ్లు మాత్రం చల్లగానే తాగింది మహాతల్లి.

ఇవాళ దుకాణం చరిత్ర వీడియో తీస్తారట. ముక్కూ చెవీ దాటి బొడ్డుకు, కనుబొమ్మకు కూడా పోగు కుట్టిన మొట్టమొదటి దుకాణం ఆబిడ్స్‌లో తమదే. బోర్డు మీద విజయేందర్ పేరు. పొద్దున చాయ్ తాగుతూనే చెప్పాడు: "నువ్వు లోపటి రూంలనే ఉండు. వీడియోల నీ చేతులు తీస్తరు, సాలు. జుట్టు గట్లనే ఇడిసి ఉంచు, చెవులు కనవడొద్దు. అసయ్యం."

అసయ్యమట! పెళ్లయిన కొత్తలో అది ఉత్త గిల్టు నగల కొట్టు. ఓ కాలేజీ పిల్ల వచ్చి బొడ్డుకు పోగు కావాలంది, కొట్లో చెవులు కుట్టే కంసాలి బిచ్చయ్య ముందు మాత్రం బట్ట జరపనంది. "వారం ఆగి రా, నేను కుడత" అంది నళిని. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. బాత్రూం తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, తన చెవులనే కుట్టుకుంది. తమ్మె దగ్గర మొదలుపెట్టి పై అంచుదాకా. సూది ఎంత వంకర పోతే చీము పడుతుందో, ఎక్కడ ఆగితే కళ్లు బైర్లు కమ్ముతాయో, అంతా సొంత మాంసం మీదే నేర్చుకుంది. కొన్ని పూడాయి, కొన్ని గడ్డలు కట్టాయి. చెవులు సలుపుతుంటే కూడా రొట్టెలు చేసిపెట్టింది. రొట్టెలు మాడాయని తిట్లు తిన్నది కూడా ఆ వారమే.

ఇప్పుడు నళిని దుకాణంలో తెర వెనక కూర్చుంది. బయట కెమెరా పిల్ల హైందవి అడుగుతోంది.

"బొంబాయి పోయి నేర్చుకొచ్చిన మేడం," అంటున్నాడు విజయేందర్. "అప్పట్ల జనం నవ్విన్రు. నేను ఫికర్ చెయ్యలే."

"మీ ఫస్ట్ కస్టమర్ ఎవరు సార్?"

"యాదికి లేదు. ఎవలో పోరి."

నళినికి అరవాలనుంది. అరిచి? ఇల్లు ఆయనది, కొట్టు ఆయనది, కొడుకు బబ్లూ ఆయన మాటే మాట్లాడతాడు. యాభై దాటిన ఆడది నాంపల్లి స్టేషన్‌కి పోయి ఏ రైలెక్కాలి? ఏ ఊళ్లో దిగాలి? నోట్లో కొంగు కుక్కుకుంది.

తెర తొలగింది. బబ్లూకి కుదిరిన పిల్ల భవ్యశ్రీని కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ ఇంటికొచ్చే కోడలికి పెళ్లికి ముందే ముక్కు కుట్టించడం ఆచారం. "కోడలికి అత్త చేతుల మీద! వీడియోల మస్తుంటది," అన్నాడు విజయేందర్. కెమెరా వచ్చి నళిని చేతుల మీద ఆగింది.

నళిని పద్ధతి ఒకటుంది. పెన్నుతో చుక్క పెడుతుంది, అద్దం చేతికిస్తుంది, అడుగుతుంది. చిన్నపిల్లయినా సరే, తన నోటితో ఔననందే సూది కదలదు.

"కుట్టమంటవా బిడ్డా?"

"మీ ఇష్టం అత్తయ్యా," అంది భవ్యశ్రీ నేల చూస్తూ.

తన పెళ్లికి ముందు నళిని కూడా ఇదే అంది. తన తలను అత్తమ్మ గట్టిగా అదిమి పట్టుకుంటే బిచ్చయ్య వంకరగా పొడిచాడు. చీము కారుతున్న ముక్కుతోనే అత్తారింట్లో అడుగుపెట్టింది.

"నా ఇష్టం అడగలే. ముక్కు నీది."

భవ్యశ్రీ పక్కనే నిలబడ్డ బబ్లూ వంక చూసింది. వాడు ఫోన్లోంచి తలెత్తలేదు.

"వద్దండీ. భయమేసి కాదు, నాకు ఇష్టం లేదు."

విజయేందర్ నవ్వాడు. "పోరి బెదురుతున్నది, అంతే. నేను తల పట్టుకుంట, నువ్వు కానియ్."

రెండు అరచేతులూ పిల్ల తలకు అటూ ఇటూ బిగించాడు. అదే పట్టు. అచ్చం వాళ్లమ్మ పట్టు.

నళిని చేతిలోని సూదిని పసుపు డబ్బాలో పడేసింది. వాడిన సూదులు వేసే డబ్బా అది. అందులో పడ్డది మళ్లీ పైకి రాదు.

"చెయ్యి తియ్యి."

"ఏందే?"

"పిల్ల తల మీదికెళ్లి చెయ్యి తియ్యమంటున్న."

"కెమెరా ముంగట ఇజ్జత్ తీస్తవా?" పళ్లు బిగించి గొణిగాడు. చేతులు మాత్రం జారిపోయాయి. "ఇంటికి రా, చెప్త."

ఇంట్లో ఏం చెప్తాడో నళినికి తెలుసు. అయినా రెండు చేతులతో జుట్టంతా పైకి తీసి గట్టిగా ముడేసింది. గడ్డలు కట్టిన చెవులకు గాలి తగిలింది. బబ్లూ కూడా తలెత్తి చూశాడు, తల్లి చెవులు ఎన్నడూ చూడనట్టు.

"ఫస్ట్ కస్టమర్ ఎవలని అడిగినవ్ గదా బిడ్డా," అంది హైందవితో. "దగ్గరికి రా. గీడ తియ్యి."