వీర్రాజు గారి డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. అరకిలో కందిపప్పు పడుతుంది, మూత మహా బిగువు. నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా 'కీ.శే. పోలిశెట్టి వీర్రాజు గారి జ్ఞాపకార్థం' అని చెక్కి ఉంటుంది. అంటే నా బతుకు ఒకాయన చావుతో మొదలయిందన్న మాట. దానికి నేనేమీ సిగ్గుపడను.

మండపేటలో ఓ స్టీలు సామాన్ల కొట్లో రెండు వందల డబ్బాలం వరసగా కూర్చుంటే, కొట్టతను చేతిమిషనుతో కిర్రుమంటూ ఒకే పేరు రెండు వందల సార్లు చెక్కాడు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మమ్మల్ని తలా ఒకటి పంచారు. పుచ్చుకున్నవాళ్ళంతా ముందు ఆయన మంచితనం గురించి రెండు ముక్కలు మాట్లాడి, ఆ వెంటనే మూత సరిగ్గా పడుతోందో లేదో చూసుకున్నారు. ఎంత దుఃఖంలోనైనా మనిషి మూత చూసుకోవడం మానడు.

నేను భానుమతమ్మ చేతికొచ్చాను. పదకొండేళ్ళు ఆవిడ వంటింట్లో చింతపండు మోశాను. తర్వాత నిండా సున్నుండలతో ఆవిడ కూతురు హైమ వెంట కాకినాడ కాపురానికి వెళ్ళాను. ఇన్నేళ్ళలో నా పొట్ట మీది రాతని ఒక్కరూ చదవలేదు. రోజూ చూసే అక్షరాలు కొన్నాళ్ళకి ఉత్త గీతలైపోతాయి.

ఇక అసలు సంగతి. హైమ రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. ఆమెకి రెండున్నరేళ్ళ కొడుకు, పేరు దక్షిత్. సెలవులన్నీ అయిపోయాయి కాబట్టి సోమవారం నుంచి వాణ్ణి డేకేర్లో దింపి డ్యూటీకి వెళ్ళాలి. ఆదివారమంతా ఆమె పడ్డ హైరానా అలమర మీంచి చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. డేకేర్ ఆయాకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. కళ్ళు నులిమితే నిద్రట, చెవి లాక్కుంటే ఆకలిట, గోడకేసి తిరిగి చప్పుడు చెయ్యకుండా ఉంటే ఏదో తప్పు పని చేస్తున్నట్టుట, వెంటనే పరిగెత్తాలిట. నీళ్ళ సీసా మీద, చెప్పుల మీద, చొక్కా కాలరు మీద, ఆఖరికి చేతిరుమాలు మీద కూడా వాడి పేరు రాసింది.

"నుదుటి మీద కూడా రాసెయ్యవోయ్" అన్నాడు భర్త నాగేంద్ర. ఆ పూట అతని కూరలో ఉప్పు పడలేదు.

గిన్నెలు సర్దుతూ ఆమె అన్న మాటతో మాత్రం నా నవ్వు ఆగిపోయింది. "వాడు నా చేత్తో తప్ప ఎవరు పెట్టినా తినడండి. రేపు డబ్బాలో అన్నం మిగిలొచ్చిందంటే ఉద్యోగం మానేస్తాను. ఇంక నన్నేం అడక్కండి."

ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. మైక్రోస్కోపులో ఆ రోజు ఏం చూసిందో చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. నాకు దిగులేసింది.

పొద్దున్న కొత్త ఏనుగుబొమ్మ డబ్బాలో పప్పన్నం సర్దే పని నాగేంద్రకి పడింది. అతను మూత గట్టిగా నొక్కి క్లిప్పు విరగ్గొట్టాడు. కంగారులో చేతికందిన నన్ను లాగి, అన్నం నాలోకి ఒంపి సంచీలో పడేశాడు. హైమ కొడుక్కి దిష్టిచుక్క పెట్టడంలో ఉండి చూడనేలేదు. అలా పసివాడి మొదటి రోజుకి కీర్తిశేషులు వీర్రాజు గారు తోడు బయల్దేరారు.

డేకేర్ గుమ్మం దగ్గర దక్షిత్ పెట్టిన ఏడుపుకి వీధి చివర పడుకున్న కుక్క లేచి నిలబడింది. వాడు తల్లి చున్నీ వదల్లేదు. ఆయా నూకరత్నం వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. చెక్కగుర్రం కనబడగానే వాడి ఏడుపు ఆగిపోయింది. ఎదురుగా జిరాక్స్ షాపు పక్కన హైమ ఏడుపు అప్పుడే మొదలయింది. కిటికీకి తగిలించిన సంచీలోంచి నేను చూశాను. నూకరత్నం కూడా చూసింది.

మధ్యాహ్నం అయింది. నాలుగు పేజీల ఉత్తరం అప్పటికే మడతపడి, గాలికి కొట్టుకోకుండా కిటికీ రెక్క సందులో ఉంది. నూకరత్నం నన్ను బయటికి తీసింది. ఆమె బొటనవేలు సరిగ్గా 'కీ.శే.' మీద, మిగతా వేళ్ళు 'జ్ఞాపకార్థం' మీద పడ్డాయి. కాలరు మీద ఒక పేరు, డబ్బా మీద ఇంకో పేరు. ఇంట్లో తాతగారి పేరుతో పిలుచుకుంటారు కాబోలనుకుంది.

"ఏవండీ వీర్రాజుగారూ, భోజనానికి లెగండి. తవరు రాపోతే పప్పన్నం చల్లారిపోద్ది."

వాణ్ణి అంతవరకూ 'గారు' అన్నవాళ్ళు లేరు. గుర్రం దిగి వచ్చి, పెద్దమనిషి తరహాలో పీట మీద కూర్చున్నాడు. ముద్దకో 'గారు' చొప్పున ఐదు ముద్దలు తిన్నాడు. ఆరో ముద్దకి ఎన్ని గార్లు తగిలించినా నోరు తెరవలేదు. కూర్చున్నచోటే కునికిపోయాడు.

నాలో ఇంకా మూడు ముద్దలున్నాయి. నూకరత్నం మూత పెట్టబోయి ఆగింది.

"ఇది ఇలా ఎల్లిందంటే ఆ పిల్ల రేపు ఉజ్జోగానికి ఎల్లదు" అని తనలో తను అనుకుంది. "నా కూతురూ ఇలాగే మానేసి కూకుంది."

గోడకేసి తిరిగి, చప్పుడు చెయ్యకుండా ఆ మూడు ముద్దలూ తనే తినేసింది.

సాయంత్రం హైమ ఒక చేత్తో కొడుకుని ఎత్తుకుని రెండో చేత్తో నా మూత తీసింది. తీసి, అక్కడే మెట్ల మీద కూలబడింది.

"మొత్తం తినేశాడా?"

"ఖాళీయే కదండీ" అంది నూకరత్నం. ఆ మనిషి అబద్ధం ఆడలేదు, గమనించండి.

ఇంటికొచ్చాక హైమ "దక్షితూ" అని ఎన్నిసార్లు పిలిచినా వాడు పలకలేదు. "నేను వీర్రాజు గారు" అన్నాడు. ఆమెకేం అర్థం కాలేదు. నన్ను తోముతుంటే వేళ్ళకి చుక్కలు తగిలాయి. ఏళ్ళ తర్వాత మొదటిసారి నన్ను చదివింది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, మొదటి రోజే ఎవరో పోలిశెట్టి వీర్రాజు గారట, ఆ పోయినాయన డబ్బాలో అన్నం పెట్టి పంపామే. నాకు భయంగా ఉంది."

భానుమతమ్మ వెంటనే అందుకుంది. "పోలిశెట్టి వీర్రాజు గారా? ఆయన తొంభై మూడేళ్ళు బతికారే. పోయిన రోజు కూడా పప్పన్నం మారు అడిగి మరీ పెట్టించుకున్నారు. అలాంటి మహానుభావుడి డబ్బా, పిల్లాడికి ఇంకేం కావాలే?"

ఆ రోజు మొత్తంలో హైమ నవ్వింది అప్పుడే. మర్నాడు పప్పన్నం తనే నాలో పెట్టింది. అటు 'కీ.శే. పోలిశెట్టి' మీద ఒకటి, ఇటు 'జ్ఞాపకార్థం' మీద ఒకటి సీతాకోకచిలుక స్టిక్కర్లు అతికించి, మధ్యలో 'వీర్రాజు గారి' మాత్రం మిగిల్చింది. వాణ్ణి దింపి, జిరాక్స్ షాపు దగ్గర ఆగకుండా ల్యాబుకి వెళ్ళింది.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఆ ల్యాబుకి హైమే పెద్ద. నేను మళ్ళీ చింతపండు మోస్తున్నాను. ఇంటికి ఏ కొత్త తల్లి దిగులుగా వచ్చినా హైమ నన్ను దింపి చూపిస్తుంది. "మొదటి రోజే మావాడు ఈ డబ్బా మొత్తం ఖాళీ చేశాడు. మీ పాపా తింటుంది, మీరు నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళండి" అంటుంది.

మూడు ముద్దల సంగతి నూకరత్నానికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నా మూత బిగువని ముందే చెప్పాను కదా.