తల పడే చోట ఎంత లోతు

చెల్లెలి మొగుడి లాడ్జిలో డైవింగ్ బోర్డు బిగించడానికి వచ్చిన ఫిట్టరుకు, ఈత కొలను చూడగానే రోత పుట్టింది. నీళ్ళ మీద ఎవరెవరివో వెంట్రుకలు, జిడ్డు. అడుగుకు మాత్రం బావ ముదురు నీలం రంగు కొట్టించాడు, లోతుగా కనపడాలని.

"కొలిచాను, తొమ్మిదడుగులు," అన్నాడు బావ, గోడ మీద రాయించిన అంకె చూపిస్తూ.

గోడ వారన తొమ్మిది ఉన్న మాట నిజమే. కానీ బోర్డు మీంచి ఎగిరినవాడు గోడ వారన పడడు కదా. ఫిట్టరు చొక్కా విప్పి, ముక్కు మూసుకుని దిగి, వాడు పడే చోటికి ఈదుకెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళు గడ్డం దాకా వచ్చి ఆగాయి. అక్కడ నేల అప్పుడే పైకి ఎగబాకింది.

"ఇక్కడ ఐదడుగులే. తలకిందులుగా దూకితే మెడ విరుగుతుంది. బతికినా మంచానికే అంటుకుపోతాడు."

"నీదంతా చాదస్తం. 'ఎవరి పూచీ వారిదే' అని రాయించి పెడతాలే. రేపటి నుంచి బోర్డు ఉందని అందరికీ చెప్పేశాను. నువ్వు కాకపోతే ఇంకొకడు బిగిస్తాడు."

బావ పళ్ళు కుట్టుకుంటూ ఆ మాట అన్నాడు. ఫిట్టరుకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఈ మనిషితో వాదన దండగనుకుని చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు. ఆమె కాదంటే బావ కిమ్మనడు. చిన్నప్పుడు చీమను తొక్కినా ఏడ్చేసిన పిల్ల.

చెల్లెలు తువ్వాళ్ళు మడత పెడుతోంది. అతను చెప్పిందంతా విని, తల ఎత్తకుండానే అంది.

"తెలుసన్నయ్యా. ఆ బోర్డు మీద కాలు పెట్టబోమని మా పిల్లల చేత మొన్ననే ఒట్టు వేయించాను."

అతనికి ఆ కొలను నీళ్ళే నయమనిపించింది. చెల్లెలు కాఫీ తెమ్మంటావా అని అడుగుతున్నా ఆగకుండా బయటికొచ్చి, గోడకు ఆనించిన బోర్డును భుజానికెత్తుకుని తన వ్యాను మీద వేసి కట్టేశాడు.

బావ పరుగెత్తుకొచ్చాడు. "అది నేను కొన్నది. దొంగతనం కింద పోలీసులకి చెప్తాను."

"చెప్పు బావా," అన్నాడు ఫిట్టరు తాడు ముడి బిగిస్తూ. "వాళ్ళు వస్తే ఎక్కడ కొలవాలో నేను చూపిస్తాను."